బైపాడ్ గారి ఎడమకాలికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ బైపాడ్ గారి, అంటే నా ఎయిర్ గన్ను ముందు భాగాన్ని నిలబెట్టాల్సిన రెండుకాళ్ళ స్టాండు గారి సముఖానికి, అందులోనూ విశేషించి తమరి ఎడమకాలికి, అంబాజీపేట పక్కూరి నించి నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం, తమరు క్షేమమేనా అని మాత్రం అడగను, తమరికేవండి, అటక మీద పాత దుప్పట్లో చుట్టుకుని హాయిగా పడుకున్నారు, బిర్యానీ డబ్బులు కట్టింది నేను కదా.

1840 రూపాయలండి. ఆరుగురం, కూల్‌డ్రింకులతో కలిపి, రావులపాలెంలో. పందెం నాదే, నోరు నాదే, ఒప్పుకుంటాను. 25 మీటర్ల దూరం, అయిదు పెల్లెట్లు, అంటే ఎయిర్ గన్ను గుళ్ళు, అట్టముక్క మీద పది రూపాయల బిళ్ళ పెట్టి పెన్నుతో చుట్టూ గీసిన గుండ్రంలో పడాలి, గీతకి తగిలినా లెక్కలోకే. దాళ్వా కోసేసిన చేలో, మిట్ట మధ్యాహ్నం, పొట్ట కింద ఖాళీ యూరియా బస్తా పరుచుకుని బోర్లా పడుకున్నాను. అట్ట వెనకాల ఇసుక బస్తాలు రెండు వరసలు, వాటి వెనక కాలవ గట్టు. మా మావయ్య ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని కొబ్బరి చెట్టు నీడలో కూర్చున్నాడు, ఏదో తిరునాళ్ళకి వచ్చినట్టు.

మూడు పడ్డాయండి. నాలుగోది గీత మీద పడింది, బావ దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి మరీ చూసి సరేలే అన్నాడు. అయిదోది. ఊపిరి సగం వదిలి ఆపాను, ట్రిగ్గరు మొదటి మెట్టు దాటింది, రెండో మెట్టు మీద వేలు ఆనింది, సరిగ్గా అప్పుడు, ఇంక ఆ క్షణం తప్ప తమరికి ముహూర్తం దొరకనట్టు, "టిక్" మని చిన్న చప్పుడు, ఎడమకాలు, ఎత్తు సర్దుకునే గాట్లలో ఒక గాటు మేర లోపలికి దిగిపోయింది. గన్ను ఎడమకి వాలింది. పెల్లెట్టు ఎడమకీ కిందకీ పోయి అట్టని కూడా తాకకుండా ఇసుక బస్తాలో పడి కాస్తంత దుమ్ము లేపింది.

"బావా, నీ గన్ను కుంటుతోందేంటి?" అన్నాడు మా బావ. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉందండి.

ఇది మొదటిసారి అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పోన్లే, కొత్తది, అలవాటవ్వాలి అనుకునేవాణ్ణి. కానీ తమరి ఎడమకాలి చరిత్ర తమరికీ తెలుసు నాకూ తెలుసు. శ్రావణంలో గట్టు మీద పెడితే కాలు చివరున్న మేకు మెత్తటి మట్టిలోకి పిడి దాకా దిగిపోయింది, తీస్తే బురద ముద్దతో సహా వచ్చింది, కుడికాలు మాత్రం పక్కనే, అదే గట్టు మీద, అదే మట్టిలో, బుద్ధిగా నిలబడింది. సంక్రాంతికి డాబా మీద పెట్టాను, సిమెంటు కదా దిగదులే అని, మేకులు తీసి రబ్బరు బూట్లు తొడిగాను, అక్కడ దిగలేదు, జారింది. ఎడమదే. చాప వేస్తే చాపని కూడా తీసుకుపోయింది. ఇప్పుడు ఏప్రిల్లో చేలు నెర్రెలు తీసి ఉంటే, మొత్తం చేలో ఉన్న ఒకే ఒక్క లోతైన నెర్రెని వెతుక్కుని మరీ అందులో కాలు పెట్టింది. మా నల్లమట్టి తడిస్తే బంక, ఎండితే బీట, అది మా తాతల నాటి నించీ ఉన్న సంగతి, అంతెందుకు, గోదావరి ఇసుక మీదే కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి నిలబెట్టాడండి, తమరు మూడు కిలోల గన్నుని నిలబెట్టలేకపోయారు.

అసలు తమర్ని ఊరికే గుడ్డిగా తెచ్చుకోలేదు. మూడు నెలలు చదివాను. రాత్రి పన్నెండింటి దాకా ఫోను పట్టుకుని చదువుతుంటే మా ఆవిడ ఇంకేదో అనుమానపడింది, చూపిస్తే గన్నుకి కాళ్ళా అని పక్కకి తిరిగి పడుకుంది. హారిస్ అనే బైపాడ్ కంపెనీ గురించి చదివాను, అమెరికాలో కెంటకీ రాష్ట్రం వాళ్ళది, ఎన్నో ఏళ్ళుగా అదే నమూనా, బయటికి కనపడే స్ప్రింగులు, కాళ్ళ మీద గాట్లు, ఆరు నించి తొమ్మిది అంగుళాల ఎత్తు రకం పడుకుని కొట్టడానికి, తొమ్మిది నించి పదమూడుది కాస్త గడ్డి, ఎత్తుపల్లాలు ఉన్నచోటికి, పదమూడున్నర నించి ఇరవై ఏడుది కూర్చుని కొట్టేవాళ్ళకి. పేరు ముందు ఎస్ అక్షరం ఉంటే గన్ను అటూ ఇటూ వాలుతుంది, ఒక కాలు పల్లంలో ఉన్నా గన్నుని నిటారుగా సర్దుకోవచ్చు, లేకపోతే కాళ్ళు సర్దుకుంటూ కూర్చోవాలి. గట్టు మీద కొట్టేవాడికి ఈ ఒక్క అక్షరం ఎంత ముఖ్యమో ఎవడూ గట్టిగా చెప్పడు. అట్లాస్ గురించి చదివాను, అది కాన్సాస్ వాళ్ళది, కాళ్ళు అయిదు చోట్ల ఆగుతాయి, ముందుకి మడిచి, ముందుకి ఏటవాలుగా, నిటారుగా, వెనక్కి ఏటవాలుగా, వెనక్కి మడిచి, పైగా గన్ను పక్కలకి కొంచెం తిరుగుతుంది, బూట్లు మార్చుకోవచ్చు, రబ్బరువీ మేకులవీ మంచు మీద జారే స్కీల్లాంటివీ. దాని ఖరీదు రూపాయల్లోకి మార్చి చూసి ఫోను బోర్లా పెట్టేశాను. మ్యాగ్‌పుల్ వాళ్ళది చాలావరకు ప్లాస్టిక్కే, 300 గ్రాముల పైచిలుకు బరువు, దాన్ని భుజాన వేసుకుని నడిచేవాళ్ళు మెచ్చుకుంటారు, రాయి మీద రాయిలా కూర్చోవాలనుకునేవాళ్ళు పెదవి విరుస్తారు. పోటీల్లో కొట్టేవాళ్ళయితే కెమెరా ట్రైపాడ్ల నించి తెచ్చుకున్న ఆర్కా పట్టా గన్ను కింద పొడుగునా బిగించుకుని, బైపాడ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకుంటారట.

ఇన్ని చదివి, ఆఖరికి తెచ్చుకున్నది హారిస్‌ని చూసి వాతలు పెట్టుకున్న తమర్ని. పెట్టె మీద "యూనివర్సల్" అని రాసుంది. యూనివర్స్‌లో కోనసీమ లేదనుకుంటాను.

చిన్న చిన్నవి చెప్పుకుంటే తెల్లారుతుంది. తమరితో వచ్చిన, మరలు బిగించే ఎల్ ఆకారం అలెన్ కీ మొదటి బిగింపుకే గుండ్రంగా అరిగిపోయింది. నల్లరంగు నా చేతికే ఎక్కువ అంటింది. వాలు బిగించే చక్రం ఎంత తిప్పినా అది తిరుగుతూనే ఉంటుంది గానీ బిగుసుకోదు, మా ఊళ్ళో కొందరి వాగ్దానాల్లాగా. సరే, వదిలేశాను.

కానీ ఆ ఎడమకాలండి!

కుడికాలూ అదే ఇనుము, అదే స్ప్రింగు, అదే పెట్టెలో వచ్చింది. స్క్రూడ్రైవరు పెట్టి విప్పి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కుడికాలి గాటు లోతుగా, అంచు కోసుకుపోయేలా ఉంది. ఎడమకాలి గాటు అంచు గుండ్రంగా, ఎవరో పనసపండు తింటూ రాసినట్టు నున్నగా ఉంది. గాటులో కూర్చోవాల్సిన చిన్న పిన్ను సగమే కూర్చుంటుంది. నిలబెడితే నిలబడుతుంది, నెమ్మదిగా నొక్కినా నిలబడుతుంది, చూపించడానికి కొట్టువాడి ముందు పెడితే బ్రహ్మాండంగా నిలబడుతుంది. "ఏవండీ, బాగానే ఉంది కదండీ, మీరే సరిగ్గా వాడట్లేదేమో" అన్నాడతను. మార్చి ఇస్తానన్నాడు కదా అంటే, సీలు తీశాక కుదరదన్నాడు. సీలు తియ్యకుండా కాలు ఎలా చూడాలో అడిగితే టీ తాగుతారా అన్నాడు. తాగాను. ఇంకేం చేస్తాం.

మా మావయ్యకి మాత్రం పండగ. "ఒరేయ్ అల్లుడూ, మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగు 2012లో లండన్లో కంచు పతకం తెచ్చాడా లేదా, పది మీటర్ల ఎయిర్ రైఫిలు, నిలబడి, సొంత కాళ్ళ మీద. నీకు నీ రెండూ చాలక ఇంకో రెండా?" అంటాడు ఎదురుపడినప్పుడల్లా. ఒలింపిక్స్ వేరు మావయ్యా, అందులో బైపాడ్ పెట్టనివ్వరు, ఇది పెట్టుకుని కొట్టే పోటీలు వేరే ఉంటాయి, ఎఫ్-క్లాస్ అని, కెనడాలో ఫార్కీ అని పిలుచుకునే ఫార్కర్సన్ అనే పెద్దాయన పేరు మీద వచ్చింది, అందులో ఎఫ్-టీఆర్ అనే తరగతిలో ముందు వైపు బైపాడే వాడతారు, గన్నూ బైపాడూ కలిపి ఎనిమిదింపావు కిలోలు దాటకూడదు, వాళ్ళవి ఇంత వెడల్పుగా కాళ్ళు చాపి స్కీల్లాంటి బూట్లతో ఉంటాయి, కొట్టినప్పుడు కార్పెట్ ముక్క మీద సూటిగా వెనక్కి జారాలనే అలా చేస్తారు అని చెప్పాను. అంతా విని, "అయితే జారడం గొప్పేనన్నమాట" అన్నాడు. తమర్ని వెనకేసుకొచ్చినవాడు భూప్రపంచంలో ఆయనొక్కడే.

ఊళ్ళోవాళ్ళది ఇంకో గోల. తమర్ని బిగించి గన్ను తీసుకుని చేలోకి నడిస్తే చాలు, "ఏం బాబూ, కొంగల్నా?" అంటారు. కొంగలూ లేవు పిట్టలూ లేవండి, అది 1972 చట్టం ప్రకారం నేరం, నాకు ఆ సరదా కూడా లేదు, అట్టముక్క కొడతాను అంటే నమ్మరు. అట్టముక్క కొట్టడానికి ఇన్ని కాళ్ళెందుకు అని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు, తమరి దగ్గరా లేదు.

సరే, అసలు సంగతికొస్తాను. బిర్యానీ తిని ఇంటికొచ్చేసరికి మా అత్తగారి వేపు చుట్టం, మిలిటరీ మాధవరం ఆయన, సుబేదారుగా రిటైరైనాయన, అరుగు మీద కూర్చుని ఉన్నారు. మనిషి తక్కువ మాట్లాడతారు. ఎల్ఎమ్‌జి, అంటే తేలికపాటి మెషిన్ గన్ను, బైపాడ్ల మీద ఏళ్ళ తరబడి చెయ్యి తిరిగిన మనిషి. కథంతా చెప్పాను, ఎడమకాలు చూపించాను, గాటు చూపించాను. ఆయన తమర్ని ఒక్కసారి చూసి పక్కన పెట్టేసి, నా గన్ను మధ్యకి వంచి మళ్ళీ మూసి, "ఇది స్ప్రింగుది కదయ్యా" అన్నారు.

అవునండి, స్ప్రింగుదే. 4.5 ఎమ్ఎమ్, 20 జౌళ్ళ శక్తి దాటనిది, లైసెన్సు అక్కర్లేదని అదే కొనుక్కున్నాను.

"మరి దీన్ని కాళ్ళ మీద పెట్టి కొడితే ఎలా?"

అప్పుడు చెప్పారండి. స్ప్రింగు గన్ను మామూలు తుపాకీలా ఒక్క వేపే తన్నదట. ట్రిగ్గరు నొక్కగానే లోపల పిస్టను ముందుకి ఉరుకుతుంది, గన్ను వెనక్కి కదులుతుంది, పిస్టను చివరికి వెళ్ళి ఆగేసరికి మళ్ళీ ముందుకి కుదుపు, ఈ కదలిక పెల్లెట్టు ఇంకా గొట్టం దాటకుండానే మొదలవుతుంది. కాబట్టి గన్ను ప్రతిసారీ ఒకేలా కదిలేలా వదిలెయ్యాలి, గట్టిదాని మీద ఆనిస్తే ఒక్కోసారి ఒక్కోలా ఎగురుతుంది. బైపాడ్‌ని భుజంతో ముందుకి నెట్టి బిగదీసి కొట్టడం అనేది అసలు తూటా రైఫిళ్ళకి, కాళ్ళలో ఉన్న వదులంతా ముందే తీసేస్తే తన్నినప్పుడు ప్రతిసారీ ఒకేలా తన్నుతుంది. నేను చూసిన వీడియోలన్నీ వాళ్ళవే, నేను ఇన్నాళ్ళుగా నా స్ప్రింగు గన్నుని భుజంతో నెట్టి నెట్టి కొడుతున్నాను. వెనక్కొకటీ ముందుకొకటీ, ప్రతి దెబ్బకీ రెండు కుదుపులు తినీ తినీ, అసలే సగం కూర్చున్న ఆ పిన్ను అయిదో దెబ్బ దాకా ఆగడమే గొప్ప అన్నారాయన.

తర్వాత రోజు పొద్దున్నే మా గేదెల తవుడు ఒక చిన్న సంచిలో పోసి కుట్టించి, దాని మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టి, ఆ అరచేతిలో గన్ను ముందు చెక్క ఊరికే అలా ఆనించి, గట్టిగా పట్టుకోకుండా, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పెట్టి కొట్టాను. అయిదుకి అయిదు. ఎవడూ చూడలేదు. ఇద్దరే ఇద్దరు సాక్షులు, నేనూ, తవుడు వాసనకి వచ్చి నిలబడ్డ గేదే.

అంటే తప్పు నాదేనా? ఒరేయ్ ఎడమకాలూ, నువ్వు అలా అనుకోకు. తప్పు సగం నాది, ఒప్పుకుంటాను, నిన్ను పెట్టకూడని గన్నుకి పెట్టాను. కానీ కుడికాలు కూడా అదే గన్ను కింద ఉంది కదరా, అదీ అవే కుదుపులు తింది కదా, అది ఒక్కసారైనా జారిందా? బురదలో నిలబడింది, సిమెంటు మీద నిలబడింది, నెర్రెల చేలో నిలబడింది, నీ పక్కన ఉండీ నిలబడింది. నీకేం వచ్చిందిరా? తస్సాదియ్యా, 1840 రూపాయలు, కూల్‌డ్రింకులతో కలిపి!

క్షమించాలి. చెయ్యి జారింది. తమర్ని చూసే నేర్చుకున్నాను.

నిన్న సాయంత్రం మా బావ వచ్చాడు. పీసీపీ కొంటున్నాడట, గాలి ముందే నింపుకునేది, తన్నుడు ఉండీ లేనట్టు ఉంటుందట, బైపాడ్ మీద బ్రహ్మాండంగా ఆగుతుందట. "బావా, నీ బైపాడ్ ఖాళీగానే ఉంది కదా, కొన్నాళ్ళు ఇవ్వవా?" అన్నాడు. నిచ్చెన వేసుకుని అటకెక్కి, దుప్పటి విప్పి, తమర్ని దించి, దుమ్ము దులిపి, రెండు కాళ్ళకీ కాస్త నూనె కూడా రాసి ఇచ్చాను. సంతోషంగా బైకు వెనకాల కట్టుకున్నాడు. పీసీపీ రాగానే మళ్ళీ పందెం వేసుకుందాం బావా, పాతికే, అయిదే, ఈసారి ఓడినవాడు పదిమందికి పెట్టాలి అన్నాను. సరే అన్నాడు.

ఎడమకాలి సంగతి చెప్పలేదు.