కోడి పన్ను గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ చికెన్ ట్యాక్స్ గారి దివ్య సముఖానికి,

తణుకు పక్కన కోళ్ళ ఫారాల వాసనలో పుట్టి పెరిగి, ప్రస్తుతం మిషిగన్ రాష్ట్రం నోవైలో కారు విడిభాగాల రేట్లు లెక్కలు కట్టుకుంటున్న ఒకానొక ఎక్సెల్ కూలీ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. తమరికి జలుబు చేసిన రోజు కూడా ఈ దేశంలో ఎవరూ చూడలేదు.

పేరుకి కోడి పన్నే అయినా, అమెరికాలో దిగే బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకమైన తమరు 1964 జనవరి 7న, మా సంక్రాంతికి సరిగ్గా వారం ముందు, అమల్లోకి వచ్చారు. ఆ లెక్కన 2026 జనవరికి 62 నిండాయి. మా ఆంధ్రాలో ప్రభుత్వోద్యోగికి 62 నిండితే దండేసి, శాలువా కప్పి, గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు. తమరికి శాలువా కప్పే ధైర్యం ఇక్కడ ఏ ప్రెసిడెంటుకీ చాల్లేదు. పైగా కొరియా ట్రక్కుల మీద 2021కల్లా దిగిపోవాల్సిన తమరికి 2018లోనే 2041 దాకా సర్వీసు పొడిగించారు. ఇంత పలుకుబడి మా తహసీల్దారాఫీసు బిళ్ళబంట్రోతుక్కూడా లేదండీ, ఆయ్.

తమరి పేరు మా ఇంట్లో మొదట వినబడింది నాన్న ఇక్కడికొచ్చిన ఎండాకాలంలో. నాన్నది లేయర్ ఫారం. ఏ బండి కనబడినా దాన్లో ఎన్ని గుడ్ల ట్రేలు పడతాయో చూసుకోందే నిద్రపట్టదు. ఎదురింటాయన ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కేసుకొచ్చి, దాని తలుపు తీసి, నాలుగే నాలుగు బస్తాల చెక్కపొట్టు దింపాడు. నాన్న చెప్పులేసుకుని రోడ్డు దాటాడు. ఆయనకి దణ్ణం పెట్టి, తొట్టి పక్కన ఒక కొస నుంచి ఇంకో కొసకి అడుగులో అడుగేసి కొలిచి వెనక్కొచ్చాడు.

"ఐదున్నర అడుగులేరా! మన టాటా ఏస్ తొట్టి ఏడడుగులుంటది. ఇంత ఏనుగంత బండికి ఇంతేనా?"

"అది గుడ్లకి కాదు నాన్నా."

"చెక్కపొట్టుకా? పోనీ, చిన్న బండి దొరకదా ఈ దేశంలో?"

"దొరకదు."

"ఏం?"

"కోడి వల్ల."

నాన్న నా వంక చూసిన చూపు ఎలాంటిదంటే, పిల్లాడికి ఈ దేశంలో ఏదో అలవాటైంది, అమ్మకి ఎలా చెప్పాలి అన్న చూపు. ఇక తమరి జాతకం మొత్తం విప్పక తప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికావాళ్ళు షెడ్డులో వేలకి వేలు బ్రాయిలర్లు పెంచడం మొదలెట్టారు. కోడి చవకైపోయింది. ఆ చవక కోడి ఓడెక్కి పశ్చిమ జర్మనీ చేరింది. అక్కడ అప్పటిదాకా పండగకో పబ్బానికో కోడి కోసుకునేవాళ్ళు కాస్తా ఆదివారం ఆదివారం తినసాగారు. అక్కడి రైతులు గగ్గోలు పెట్టారు. 1962లో ఐరోపా ఉమ్మడి మార్కెట్ వాళ్ళు బయటి కోడి మీద గట్టి సుంకం వేశారు, అమెరికా అమ్మకాలు పడిపోయాయి. కోళ్ళ రాష్ట్రం ఆర్కాన్సా సెనేటర్ ఫుల్‌బ్రైట్ గారైతే నాటో అణ్వాయుధాల చర్చని మధ్యలో ఆపి మరీ కోళ్ళ సంగతి ఎత్తాడు. కెనడీకీ తనకీ మధ్య రెండేళ్ళు నడిచిన ఉత్తరాల్లో సగం కోళ్ళ గురించేనని జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ చమత్కరించాడట. అవతల బెర్లిన్ గోడ లేస్తోంది, వీళ్ళు ఇక్కడ ఈకలు లెక్కపెట్టుకుంటున్నారు.

నష్టం ఎంతో తేల్చమంటే, దేశాల మధ్య వ్యాపార తగాదాలు తీర్చే గాట్ పంచాయితీ 2 కోట్ల 60 లక్షల డాలర్లని తేల్చింది. దానికి బదులుగా ప్రెసిడెంటు జాన్సన్ నాలుగు సరుకుల మీద 25 శాతం వడ్డించాడు: బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ అనే జిగురు, ఖరీదైన బ్రాందీ, చిన్న ట్రక్కులు. ఆ నాలుగోదే తమరు. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు తెగ దిగుతున్నాయని జాన్సన్ చెవిలో వేసింది కార్మిక నాయకుడు వాల్టర్ రూథర్ అని చెబుతారు.

ఇదంతా విని నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే. "కోజ ఎవరు తిన్నార్రా?"

తమరికి తెలియకపోవచ్చు. మా భీమవరం వైపు బరిలో ఓడి చచ్చిన పుంజుని కోజ అంటారు. దాని మాంసం కోసం కాట్లాటలు జరుగుతాయి. ఈ పందెంలో అమెరికా కోడీ గెలవలేదు, జర్మనీ కోడీ గెలవలేదు. చుట్టూ చేరినవాళ్ళల్లోంచి డెట్రాయిట్ ఆసామి, అంటే అమెరికా కార్ల కంపెనీవాడు, మెల్లగా వంగి, కోజని కండువాలో చుట్టుకుని ఇంటికి పోయాడు. అరవై రెండేళ్ళుగా అదే కూర వండుకు తింటున్నాడు. ఆ కూర అయిపోదు, పాచిపోదు. 2025 దాకా బయటి కారుకి రెండున్నర శాతం పన్నైతే, బయటి ట్రక్కుకి పాతిక. పోటీ లేని చోట లాభం, లాభం ఉన్న చోటే కొత్త మోడలు. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి ఈ దేశంలో ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానం ఎవరికీ ఇవ్వలేదు. బండి ఏటికేడాది బలిసింది. మా ఆరేళ్ళ పిల్ల దాని ముందు నిలబడితే డ్రైవరుకి జడ రిబ్బను కూడా కనబడదు.

అయితే తమరి వల్ల ఈ లోకంలో తెలివితేటలు వర్ధిల్లాయన్నది మాత్రం ఒప్పుకుని తీరాలి.

మొదట జపాన్‌వాళ్ళు తొట్టి లేకుండా బండి పంపారు. తొట్టి లేకపోతే అది ట్రక్కు కాదుగా, పన్ను 4 శాతమే. ఒడ్డు దిగాక తొట్టి బిగించుకునేవాళ్ళు. డెట్రాయిట్ కంపెనీలు కూడా మాజ్డా, ఇసుజు బళ్ళకి తమ పేర్లు అతికించి ఇలాగే తెప్పించుకున్నాయి. కస్టమ్స్‌వాళ్ళు 1980లో ఆ కన్నం మూశారు. ఈలోగా సుబారువాళ్ళు బ్రాట్ అనే బుల్లి ట్రక్కు తొట్టిలో, వెనక్కి తిరిగి కూర్చునేలా రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, ఇది ట్రక్కు కాదు మహాప్రభో, నలుగురు కూర్చునే కారు అన్నారు. గాలీ వానా ముఖాన కొడుతుంటే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో దేవుడికెరుక. రొనాల్డ్ రీగన్ తన పొలంలో ఒకటి ఉంచుకున్నాడు.

మెర్సిడెస్‌వాళ్ళు జర్మనీలో స్ప్రింటర్ వ్యాన్ పూర్తిగా తయారుచేసి, విప్పదీసి, ముక్కలు ఓడలో దక్షిణ కరొలైనాకి తెచ్చి మళ్ళీ బిగించేవాళ్ళు. పెళ్ళికొచ్చిన షామియానాలా. చివరికి విసిగి 2018లో అక్కడే అసలు ఫ్యాక్టరీ పెట్టుకున్నారు.

వీటన్నిటినీ మించింది ఫోర్డ్. అమెరికా కంపెనీ సాక్షాత్తూ అమెరికా పన్ను ఎగ్గొట్టడానికి పడ్డ పాట్లు వింటే కన్నీళ్ళొస్తాయి. ట్రాన్సిట్ కనెక్ట్ అనే చిన్న వ్యాన్ టర్కీలో చేసేవాళ్ళు. సరుకు బండిగా పంపితే 25, మనుషుల బండిగా పంపితే 2.5. అందుకని వెనక సీట్లు పెట్టి, బెల్టులు కట్టి, అద్దాలు అమర్చి పంపేవాళ్ళు. బాల్టిమోర్ రేవులో దిగగానే ఆ సీట్లు పీకి, బెల్టులు కోసి, కాళ్ళు పెట్టుకునే గుంట మీద రేకేసి, సరుకు వ్యాన్ అని అమ్మేవాళ్ళు. పీకేసిన సీట్లు ముక్కలు ముక్కలు. ఎలాగూ పీకేసేవేనని తర్వాత తర్వాత తలానించుకునే దిండు తీసేశారు, గుడ్డ కూడా నాసిరకానికి దింపారు. ఒక్కసారి ఆలోచించండి. టర్కీ కార్మికుడెవరో ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టిన సీటు. అట్లాంటిక్ దాటింది. దాని మీద ఒక్క మనిషి కూర్చోలేదు. కూర్చోడానికి పుట్టని సీటు అది.

ఇది సీటా, సీటు వేషమా అని కోర్టుల్లో ఏళ్ళ తరబడి కోడిగుడ్డుకి ఈకలు పీకారు. 2017లో ఫోర్డ్ గెలిచింది, 2019లో పై కోర్టులో ఓడింది, 2020లో సుప్రీంకోర్టు మేం వినం పొమ్మంది, 2024లో ఫోర్డ్ 36 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. ఆపాటికి ఆ వ్యాన్‌ని ఇక్కడ అమ్మడమే మానేసింది. గుర్తుందా, కోడి నష్టం మొత్తం 2 కోట్ల 60 లక్షలు!

తమరు ఫ్యాక్టరీలు రప్పించలేదని నేననను. నిస్సాన్ ఈ దేశంలో పెట్టిన మొదటి ప్లాంటు, టెనెసీలోని స్మర్నాలో, 1983లో బయటికొదిలిన మొదటి బండి చిన్న ట్రక్కే. టొయోటా టెక్సస్‌కి వచ్చింది. కానీ చాలా ట్రక్కులు, అమెరికా, కెనడా, మెక్సికోలు తమలో తాము సుంకాలు ఎత్తేసుకున్న 1994 నాఫ్టా ఒప్పందం తర్వాత, మెక్సికోలో కాపురం పెట్టాయి. తమరు ముందు గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని కూర్చుంటే, పెరటి తలుపు వాళ్ళే తీసిపెట్టుకున్నారు. మా మహీంద్రా పాపం ఏళ్ళ తరబడి ఇక్కడ ట్రక్కు అమ్ముతానని ఊరించి, ఊరించి, గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది.

ఇప్పుడు తమరికి మనవలు పుట్టారు. 2025 ఏప్రిల్ 3 నుంచి బయటి కార్లన్నిటి మీద 25, నెల తిరిగేసరికి విడిభాగాల మీద 25. తర్వాత బ్రిటన్‌కి లక్ష కార్ల వరకూ 10, జపాన్‌కీ ఐరోపాకీ 15. బేరానికొచ్చినవాళ్ళకి ఒక రేటు, రానివాళ్ళకి ఒక రేటు. మా తణుకు సంతలో కూడా ఇంతే, కాకపోతే అక్కడ సాయంత్రానికి రేటు దిగుతుంది.

నా బతుకేమైందో చెప్తాను. మెక్సికోలో అల్లిన వైరింగు ఒకటి డెట్రాయిట్ వస్తుంది, బ్రిడ్జి దాటి కెనడాలో డ్యాష్‌బోర్డులో కూర్చుంటుంది, బ్రిడ్జి దాటి వెనక్కొస్తుంది. (ఆ వంతెన పేరు అంబాసిడర్. మన తెల్ల అంబాసిడర్‌లాగే, ఎన్నేళ్ళైనా బరువు మోస్తూనే ఉంటుంది.) ఇప్పుడు ప్రతి ముక్కకీ దానిలో అమెరికా శాతమెంతో రాయాలి. రాగి ఎక్కడిది, ప్లాస్టిక్ ఎక్కడిది, క్లిప్పు ఎవరిది. పెళ్ళి సంబంధానికి గోత్రం, ఇంటిపేరు, మేనమామ ఊరు అడిగినట్టు ఏడువేల వరసల షీటులో ఒక్కో స్క్రూకీ వంశవృక్షం గీశాను. గీయడం అయ్యేలోపు రేటు మారింది.

అటు కెనడాలో బ్రాంప్టన్‌కి రావాల్సిన జీప్ కంపాస్ ఇల్లినాయ్‌లోని బెల్విడీర్‌కి మళ్ళింది. మెక్సికోలో చేసే షెవీ బ్లేజర్‌ని టెనెసీకి తెస్తామన్నారు. బెల్విడీర్‌లో పండగ, బ్రాంప్టన్‌లో పొయ్యి వెలగని ఇళ్ళు. కారులో మాత్రం ఒక్క బోల్టూ కొత్తగా పుట్టలేదు.

మమ్మల్ని చూసి తమరు నవ్వినా నవ్వచ్చు. మా దేశంలో పూర్తిగా తయారై వచ్చే విదేశీ కారు మీద పన్ను కారు ఖరీదునే దాటేది. 2025లో టెస్లా ముంబైలో కొట్టు తెరిస్తే, ఇక్కడ 45 వేల డాలర్లకి దొరికే మోడల్ వై అక్కడ 60 లక్షలు పలికింది. అలాంటి గోడ ఎక్కలేకే చాలామంది గోడ లోపల ఇల్లు కట్టుకున్నారు. పెనుకొండ దగ్గర కరువు నేలలో 2019 నుంచి కియా సెల్టోస్‌లు దిగుతున్నాయి. రాయలవారు వేసవికి విడిది చేసిన ఊళ్ళో ఇప్పుడు కొరియా అక్షరాల బోర్డులు. అనంతపురం కుర్రాడు బెంగళూరు బస్సెక్కకుండా సొంతూరి దగ్గర్లోనే జీతం తీసుకుంటుంటే ఆ గోడని తిట్టడానికి నాకు నోరు రాదు.

ఇంకో ఇంటిగుట్టు. అమెరికావాళ్ళు రొమ్ము మాంసం తిని కాళ్ళు వదిలేస్తారు. ఆ కాళ్ళు మా మీదికి రాకుండా బర్డ్ ఫ్లూ పేరు చెప్పి మా దేశం ఆపితే, 2015లో ప్రపంచ వాణిజ్య సంస్థ కుదరదంది. అప్పుడు మా బాబాయి బ్రాయిలర్ షెడ్డు ముందు మంచమేసుకుని కూర్చుని, "లెగ్గు పీసు మీద నూటికి నూరు సుంకం ఉందంట, అది పోనంతవరకూ మనకి ఢోకా లేదు" అని ధైర్యం చెప్పుకున్నాడు. అంటే 1962 నాటి జర్మనీ రైతూ మా బాబాయీ ఒకే బళ్ళో చదివారన్నమాట. అందుకే తమరిని మరీ గట్టిగా తిట్టలేకపోతున్నాను. మా ఇంట్లోనూ తమరి చుట్టం ఒకాయన మంచం మీద పడుకునున్నాడు.

ఇట్లు,
తమరి దయవల్ల చిన్న ట్రక్కు కొనుక్కోలేక, ఇంకా పాత కామ్రీ కారులోనే చెక్కపొట్టు బస్తాలు మోసుకుంటున్న
విధేయుడు

తా.క.: మొన్న ఫోన్లో నాన్న మళ్ళీ తమరి సంగతి అడిగాడు. మిగతా మూడిటి గతేమైందన్నాడు. దుంపపిండి మీద ఎత్తేశారు, జిగురు మీద ఎత్తేశారు, బ్రాందీ మీద కూడా ఎత్తేశారు, ట్రక్కు ఒక్కటే మిగిలిందన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "బ్రాందీ మీద తీసేసి బండి మీద ఉంచారా? మనోళ్ళేరా వీళ్ళు," అని ఫోన్ అమ్మకిచ్చాడు.