రామానుజన్‌కు గురువులు లేరా? తిరుగుతున్న మెసేజ్‌కు నెల్లూరు నుంచి జవాబు

ప్రతి డిసెంబరు 22కీ, అంటే గణితవేత్త రామానుజన్ పుట్టినరోజుకు, ఆయన ఫొటోతో ఒక మెసేజ్ తిరుగుతుంది. నెల్లూరు గ్రూపుల్లోనూ, ఒంగోలు గ్రూపుల్లోనూ చూశాను. మాటలు కాస్త అటూ ఇటూ మారుతుంటాయి గానీ అందులో ఉండేది ఇదీ: రామానుజన్‌కు గురువంటూ లేడు, ఒక్క పుస్తకం చాలింది. కాలేజీలు ఆయన్ని ఫెయిల్ చేశాయి. మనవాళ్ళెవరూ గుర్తించలేదు, ఇంగ్లండులో ఒక దొర గుర్తించాడు. లెక్కలు పుట్టుకతో రావాలి, నేర్పితే రావు. కొత్తది కనిపెట్టే సత్తా లేనివాళ్ళే లెక్చరర్లవుతారు. ఇప్పుడు ఫోన్‌లోనే అన్నీ దొరుకుతున్నాయి కాబట్టి కాలేజీలో లెక్కల లెక్చరర్ దండగ.

పైకి ఇది రామానుజన్‌ను పొగిడినట్టే ఉంటుంది. కానీ ఆ పొగడ్త కోసం కొందరు మనుషుల్ని చరిత్రలోంచి తుడిచేస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది కాలేజీల్లో లెక్కలు చెప్పినవాళ్ళు. ఆ కథలో ఒక ముఖ్యమైన ఘట్టానికి నెల్లూరుతో సంబంధం ఉంది. అందుకే 'మనవాళ్ళెవరూ గుర్తించలేదు' అన్న మాటను ముందు తీసుకుంటాను.

1910 చివర్లో నెల్లూరు జిల్లా కలెక్టరు ఆర్. రామచంద్రరావు. చేసేది కలెక్టరు ఉద్యోగమైనా ఆయనకు లెక్కలంటే ప్రాణం. 1907లో వి. రామస్వామి అయ్యర్ మొదలుపెట్టిన ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీలో ముఖ్యుడు. రామానుజన్‌కు అప్పుడే ఇరవై మూడేళ్ళు నిండుతున్నాయి. పెళ్ళయింది. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. ముందుగా, అప్పుడు డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యర్ దగ్గరికి వెళ్ళి, ఆయన ఆఫీసులో గుమాస్తా పనైనా ఇప్పించమని అడిగాడు. ఆయన నోట్‌బుక్ తిరగేసి, ఇలాంటి బుర్రను రెవెన్యూ ఆఫీసు అడుగు మెట్టు మీద కూర్చోబెట్టి చంపడం ఇష్టం లేక, మద్రాసులో లెక్కలు తెలిసినవాళ్ళ దగ్గరికి పంపాడు. అక్కడ పి.వి. శేషు అయ్యర్ కలిశాడు. కుంభకోణం గవర్నమెంటు కాలేజీలో రామానుజన్‌కు లెక్కలు చెప్పిన మాస్టారే ఈయన. ఆ మాస్టారు రాసిచ్చిన చీటీ పట్టుకునే రామానుజన్ మన జిల్లా కలెక్టరును కలిశాడు.

ఆ రోజు సంగతి రామచంద్రరావే తర్వాత రాశాడు. పొట్టిగా, లావుగా, మాసిన గడ్డంతో, అంత శుభ్రంగా లేని కుర్రాడు చంకలో చిరిగిన నోట్‌బుక్‌తో వచ్చాడు, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి అని వర్ణించాడు. మొదటిసారి చూసినప్పుడు ఆ రాతల్లో పస ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. అయినా పొమ్మనలేదు, మళ్ళీ రమ్మన్నాడు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చేది ఈ చోటే. రామానుజన్ ఆయన స్థాయి గ్రహించి ముందు తేలికైనవి చూపించాడు. ఆ తర్వాత కష్టమైనవి: ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్, హైపర్‌జామెట్రిక్ శ్రేణులు, చివరికి డైవర్జెంట్ సిరీస్. అక్కడికి రామచంద్రరావుకు నమ్మకం కుదిరింది. ఏం కావాలని అడిగితే, లెక్కలు చేసుకోవడానికి కడుపు నిండితే చాలన్నాడు. నెల్లూరులాంటి చిన్న ఊళ్ళో ఉంచితే ఎదుగుదల ఉండదని కలెక్టరు ఆయన్ని మద్రాసుకే తిరిగి పంపి, ఖర్చులకు నెలనెలా ఇరవై అయిదు రూపాయలు తన జేబులోంచి పంపాడు. తర్వాత 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో దొరికిన గుమాస్తా ఉద్యోగానికి జీతం ముప్పై రూపాయలు. దాన్ని బట్టి ఆ ఇరవై అయిదు ఎంత సొమ్మో తెలుస్తుంది.

ఇక వరసగా చూడండి. పోర్ట్ ట్రస్టులో పై అధికారి ఎస్. నారాయణ అయ్యర్ అంతకుముందు తిరుచ్చి సెయింట్ జోసెఫ్స్‌లో లెక్కల లెక్చరర్. సాయంత్రాలు ఇద్దరూ పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఎగరగొట్టిన స్టెప్పులన్నీ రాయమని, లేకపోతే ఎవరికీ అర్థం కాదని ఆయన పట్టుబట్టేవాడు. 1911లో రామానుజన్ మొదటి పేపరు అచ్చయింది ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలోనే. దాని ఎడిటరు, బెంగళూరులో లెక్కలు చెప్పే ఎం.టి. నారాయణ అయ్యంగార్, ఆ పేపరు చదివేవాళ్ళకు అర్థమయ్యేలా చేయడానికి మళ్ళీ మళ్ళీ తిప్పి పంపి సరిచేయించాడు. 1913 మార్చిలో మద్రాసు యూనివర్సిటీ బోర్డు ఆఫ్ స్టడీస్‌ను సమావేశపరిచి, నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇవ్వాలని సిఫార్సు చేయించింది ఇంజనీరింగ్ కాలేజీ లెక్కల ప్రొఫెసరు బి. హనుమంతరావు. రూలు ప్రకారం దానికి మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. రామానుజన్‌కు ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) కూడా లేదు. అయినా ఇచ్చారు. కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి (మెసేజ్‌లోని దొర ఈయనే) ఉత్తరం రాయమని సలహా ఇచ్చినవాళ్ళలో శేషు అయ్యర్ కూడా ఉన్నాడు.

హార్డీ గొప్పతనం నేను తగ్గించడం లేదు. 1913 జనవరి నాటి ఆ ఉత్తరాన్ని పక్కన పడేయకుండా తోటి గణితవేత్త లిటిల్‌వుడ్‌తో కలిసి చదివినందుకు ఆయనకు ఎంత రుణపడినా తక్కువే. కానీ హార్డీ కూడా ట్రినిటీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడే కదా. ఉత్తరం చేరే దాకా ఆ కుర్రాడికి తిండి పెట్టి, కాగితాలిచ్చి నిలబెట్టింది మనవాళ్ళే.

'ఒక్క పుస్తకం చాలింది' అంటారు. ఆ పుస్తకం జి.ఎస్. కార్ రాసిన సినాప్సిస్. అందులో కొన్ని వేల సూత్రాలు వరసగా ఉంటాయి, రుజువులు దాదాపు ఉండవు. కార్ ఎవరు? లండన్‌లో పిల్లల్ని పరీక్షలకు తయారుచేసిన ప్రైవేటు ట్యూటరు. అంటే గురువు లేకుండా నేర్చుకున్నాడని చూపించే ఆ పుస్తకమే ఒక మాస్టారు పిల్లల కోసం చేసిన నోట్సు. పైగా అది ఒక్కటే చాలలేదని రామానుజన్ పనిలోనే కనిపిస్తుంది. ప్రధాన సంఖ్యల లెక్కింపు గురించి హార్డీకి రాసిన ఫలితాలు తప్పు. ప్రధాన సంఖ్యలతో ముడిపడిన జీటా ఫంక్షన్‌కు కాంప్లెక్స్ (సంకీర్ణ సంఖ్యల్లో వచ్చే) సున్నాలు ఉంటాయన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. కాంప్లెక్స్ ఎనాలిసిస్ చెప్పేవాళ్ళు దగ్గర ఉంటే అలా జరిగేది కాదు. రామానుజన్ విషయంలో అసలు విషాదం చిన్న వయసులో పోవడం కాదు, పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు దాకా సరైన దారి చూపేవాళ్ళు లేకపోవడమని హార్డీయే అభిప్రాయపడ్డాడు.

ఫెయిల్ చేశారన్న మాటలో నిజం ఉంది. కుంభకోణంలో ఇంగ్లీషులో తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. పచ్చయప్ప కాలేజీలో చేరాక ఎఫ్.ఏ. మళ్ళీ తప్పాడు, అక్కడ దెబ్బకొట్టింది ఫిజియాలజీ. ఒక్క సబ్జెక్టు పోతే మొత్తం పోయే ఆ పరీక్ష పద్ధతి ఆయనకు అన్యాయమే చేసింది. కానీ ఆయన్ని తప్పించింది లెక్కల మాస్టార్లు కాదు. పచ్చయప్పలో సింగారవేలు మొదలియార్ అనే లెక్కల ప్రొఫెసరు ఈ కుర్రాడితో కలిసి కూర్చుని పత్రికల్లో వచ్చే కష్టమైన లెక్కలు చేసేవాడు. వీళ్ళందరినీ 'కాలేజీలు' అన్న ఒక్క మాట కింద పూడ్చేయడం తప్పు.

'కనిపెట్టే సత్తా లేనివాళ్ళే లెక్చరర్లవుతారు' అన్న మాట నన్ను నిజంగా బాధపెట్టింది. దీనికి జవాబుగా కె. ఆనందరావు అనే లెక్కల ప్రొఫెసరు జీవితం చాలు. 1893లో మద్రాసులో పుట్టాడు. అక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1914లో కేంబ్రిడ్జ్‌ వెళ్ళి హార్డీ దగ్గర పనిచేశాడు. అదే రోజుల్లో రామానుజన్ కూడా అక్కడే ఉన్నాడు, ఇద్దరికీ పరిచయం ఉంది. 1919లో తిరిగొచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రొఫెసరుగా చేరి, 1948లో రిటైరయ్యే దాకా పాఠాలు చెప్పాడు. శ్రేణుల మీద, డిరిక్లే సిరీస్ మీద ఆయన సొంతంగా చేసిన పని ఉంది. కాబట్టి సత్తా లేక టీచరు కాలేదు.

ఆయన చేతి కింద నుంచి వచ్చినవాళ్ళను చూడండి. టి. విజయరాఘవన్ ఆంధ్ర యూనివర్సిటీలో పనిచేసి, తర్వాత మద్రాసులో రామానుజన్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరయ్యాడు. ఎస్.ఎస్. పిళ్ళై వేరింగ్ సమస్యలో (సంఖ్యల్ని ఘాతాల మొత్తంగా రాయడం గురించినది) ప్రపంచం గుర్తించిన ఫలితాలు సాధించాడు. ఎస్. మీనాక్షిసుందరం 1940లో వాల్తేరు వచ్చి ఆంధ్ర యూనివర్సిటీలో దాదాపు మూడు దశాబ్దాలు చెప్పాడు. స్వీడన్ గణితవేత్త ప్లైయెల్‌తో కలిసి 1949లో అచ్చువేసిన ఆయన పేపరును జామెట్రీ, ఫిజిక్స్ వాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. మచిలీపట్నంలో పుట్టి బాపట్లలో స్కూలు చదివిన కొమరవోలు చంద్రశేఖరన్ కూడా ఆనందరావు శిష్యుడే. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ లెక్కల విభాగాన్ని ప్రపంచ స్థాయికి తెచ్చింది ఈ చంద్రశేఖరనే.

ఆ విభాగానికి పిల్లల్ని పంపింది ఇంకో టీచరు. ఫాదర్ చార్ల్స్ రాసీన్ అనే ఫ్రెంచి జెసూట్ 1937లో మన దేశం వచ్చి, తిరుచ్చిలో, ఆ తర్వాత మద్రాసు లయోలాలో చెప్పాడు. పేరున్న ఫ్రెంచి గణితవేత్త ఎలీ కార్టాన్ దగ్గర డాక్టరేట్ చేసినాయన. సి.ఎస్. శేషాద్రి, ఎం.ఎస్. నరసింహన్ ఆయన క్లాసులోంచే బొంబాయి వెళ్ళారు. 1965లో వాళ్ళిద్దరి పేరు మీద వచ్చిన సిద్ధాంతం తెలియని జామెట్రీ పరిశోధకుడు ఉండడు. రాసీన్ సొంత పేపర్లు లెక్కపెట్టి ఆయన్ని తూచితే ఇదంతా సున్నా కిందికి పోతుంది.

పాఠం చెప్పడం వేరు, కనిపెట్టడం వేరు అనుకోవడమే అసలు పొరపాటు. 1858లో జూరిక్‌లో కాలిక్యులస్ చెప్పాల్సి వచ్చి, పిల్లలకు రియల్ నంబర్లను గట్టి పునాదితో వివరించలేకపోతున్నానన్న అసంతృప్తితోనే జర్మన్ గణితవేత్త డెడెకిండ్ ఆ నంబర్లను నిర్వచించే తన 'కట్స్' పద్ధతి కనిపెట్టాడు. మనవాళ్ళలో స్టాటిస్టిక్స్ పండితుడు సి.ఆర్. రావు సంగతి ఇంకా స్పష్టం. చిన్నప్పుడు కొన్నాళ్ళు గూడూరులో చదివాడు, అప్పట్లో అది నెల్లూరు జిల్లాయే. ఆంధ్ర యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా చేరాడు. ఇరవై నాలుగేళ్ళు కూడా నిండీ నిండకుండా క్లాసులో, శాంపిల్‌ను బట్టి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫిషర్ ఫలితం చెబుతుంటే, దండేకర్ అనే విద్యార్థి లేచి, ఇది పెద్ద శాంపిళ్ళకే కదా, చిన్న శాంపిల్‌కు చెప్పగలమా అని అడిగాడు. జవాబు అప్పటికి తెలియదు. రావు రాత్రంతా కూర్చుని రుజువు చేసి మర్నాడు క్లాసులో చెప్పాడు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఇప్పుడు స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్ళూ నేర్చుకునే క్రామెర్–రావు బౌండ్. ఆ పేపరుకే 2023లో, నూట రెండేళ్ళ వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది.

ఫోన్ ఉండగా లెక్చరర్ ఎందుకంటారు. వీడియోలు మంచివే, మా ఇంట్లో పిల్లలూ చూస్తారు, ఆపమని నేననను. కానీ ఎంట్రన్సుకు జవాబు టిక్కు పెట్టడం వేరు, రుజువు రాయడం వేరు. నెల్లూరులో నాకు బీఎస్సీలో ఎనాలిసిస్ చెప్పిన సార్, రెండు చివర్లా ఒకే విలువ ఉండి, ఎక్కడా తెగకుండా, కోసులు లేకుండా సాగే గ్రాఫుకు ఎక్కడో ఒకచోట వాలు సున్నా అవుతుందని చెప్పే రోల్స్ థియరం రుజువు చేశాక బోర్డు తుడిచేసేవారు. 'ఒక షరతు తీసేస్తున్నాను, థియరం నిలబడుతుందా?' అని అడిగేవారు. మేము బిక్కమొహాలు వేస్తే మాడ్యులస్ ఎక్స్ గ్రాఫు గీసేవారు. మైనస్ 1 దగ్గరా 1 దగ్గరా విలువ ఒకటే, ఎక్కడా తెగదు, అయినా వాలు సున్నా అయ్యే చోటు లేదు. సున్నా దగ్గర కోసుగా ఉంది చూడండి, అక్కడ డెరివేటివ్ లేదు, అందుకే థియరం పనిచేయలేదు అనేవారు. ఆ తర్వాత ఇంకో షరతు తీసేసి, ఉదాహరణ మమ్మల్నే తెమ్మనేవారు. మేం తప్పు ఉదాహరణ తెస్తే అది ఎక్కడ చెడిందో మాతోనే చెప్పించేవారు. నేను ఎక్కడ ఆగిపోయానో వీడియోకు తెలియదు. ఆయనకు నా మొహం చూస్తే తెలిసేది.

ఇలాంటి మెసేజ్ వల్ల జరిగే నష్టం రామానుజన్‌కు కాదు, కాలేజీలకు. డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్ రిటైరైతే ఆ పోస్టు ఖాళీగా ఉంచి, గంటల లెక్కన ఒక గెస్ట్ లెక్చరర్‌తో నడిపించడం సులువు. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో అన్న టెన్షన్‌తో ఉన్నవాళ్ళు, బోర్డు తుడిచి ప్రశ్న వేసే తీరిక ఎక్కడినుంచి తెచ్చుకుంటారు? నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదివిన మనం ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేయడం మాని, మన కాలేజీలో లెక్కల పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ప్రిన్సిపాల్‌ను అడగాలి. వాటిని రెగ్యులర్ లెక్చరర్లతో నింపమని రాతపూర్వకంగా కోరాలి. పాత విద్యార్థుల సంఘం తరఫున ఆ అర్జీ రాసే పని నేను మొదలుపెట్టాను. సంతకం పెట్టేవాళ్ళు ముందుకు రండి.