సెట్‌బ్యాక్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెట్‌బ్యాక్ గారికి,

నమస్కారాలు. ఇంటికీ ప్లాటు హద్దుకీ మధ్య ఏమీ కట్టకుండా వదలాల్సిన ఖాళీ జాగా తమరు. ప్లాన్ కాగితం మీద తమరు క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషం. స్థలం మీద మాత్రం తమరి దర్శనం కాక చాలాకాలమైంది.

తమరికి రావాల్సినదేమిటో తమరికే గుర్తుచేయాల్సిన రోజులొచ్చాయి. భవన నిర్మాణ నిబంధనల మీద వచ్చిన 2012 ఏప్రిల్ నాటి 168వ నంబరు జీవో ప్రకారం, 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటు ముందు 12 మీటర్ల లోపు రోడ్డుంటే, ముందువైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా తలా ఒక మీటరు తమరివి. ఇంటి ఎత్తు 10 మీటర్లు దాటకూడదు. హైదరాబాద్‌లో మధ్యతరగతి మనిషి కలగనే 200 గజాల ప్లాటు తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. అంటే 167 చదరపు మీటర్లు. తమరి వాటా పోగా ఇంటికి మిగిలేది 113. తక్కిన 54, అంటే సుమారు 65 గజాలు, తమరివే! గజం రేటు తెలిసినవాళ్లు ఈ లెక్క చివరిదాకా చేయరు. చేస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఆ 65 గజాల మీదకి మావాళ్లు ఒక్కసారిగా రారు, మర్యాదగానే వస్తారు. ముందు ఎండ పడుతోందని రెండడుగుల సజ్జ. సజ్జ కొస నుంచి ప్రహరీ దాకా వాన పడుతోందని రెండు రేకులు. రేకుల కింద బురదవుతోందని గచ్చు, గచ్చు మీద టైల్స్, ఒక కొళాయి, పిల్లి దూరుతోందని ఒక తలుపు. అప్పటికి దాని పేరు వాష్ ఏరియా. అందులో మంచం పడితే అవుట్‌హౌస్. టు-లెట్ బోర్డు పడితే సింగిల్ రూమ్. ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే: "స్లాబు కాదండీ, రేకులే కదా!"

ఈ రేకుల మినహాయింపు ఏ జీవోలోనిదో చెప్పమంటే మాత్రం ఎవరూ నోరు విప్పరు. జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్కలో దేనితో కట్టినా, దేనికి వాడినా కట్టడం కట్టడమే. వేడుకలకు తాత్కాలికంగా వేసే షామియానా, టార్పాలిన్ పందిళ్లను మాత్రం వదిలేసింది. షామియానా పెళ్లయిన మర్నాడే లేచిపోతుంది. మావాళ్ల రేకులు మనవడి పెళ్లిదాకా తాత్కాలికమే.

ప్రభుత్వానికీ తమరంటే గౌరవం లేకపోలేదు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం 75 గజాల లోపు చిన్న ఇంటికి రూపాయితో నమోదు చాలంది. 600 గజాల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి అంది. అంటే తమరిని వదిలిపెడతామని మేమే రాసి, మేమే సంతకం చేస్తాం. రాసింది అబద్ధమైతే నోటీసు లేకుండానే కూల్చొచ్చని కూడా అదే చట్టంలో ఉంది. సంతకం పెట్టే వేళకి ఆ వాక్యం ఎందుకో ఎవరి కంటా పడదు. పడినా ధీమా ఉంది. అక్రమ కట్టడాలకు జరిమానా కట్టించుకుని సక్రమం చేసే బీపీఎస్ 2007 చివర్లో వచ్చింది, 2015లో బీఆర్ఎస్ (పార్టీ కాదు, క్రమబద్ధీకరణ పథకం) వచ్చింది. రుసుము కట్టించుకుని తమరి ఆత్మశాంతికి ప్రార్థించే మూడోది రాకపోతుందా అని చూస్తున్నారు.

తమరు మాత్రం తక్కువవారా? కేసు వేయరు, గొడవ పడరు. సమయం కోసం కాచుకుని కూర్చుంటారు.

బోరు సంగతే చూడండి. ప్లాటు మూలన వేసిన బోరు మీదుగా ఎనిమిదడుగుల ఎత్తులో రేకులు కప్పేస్తారు. ఏ మే నెలలోనో మోటారు కాలుతుంది. లోపలి జీఐ పైపు ఒక్కొక్కటి 20 అడుగులు. త్రిపాదం నిలబెట్టి, గొలుసు కప్పీతో పైకి లాగాలంటే నెత్తిన ఆకాశం ఉండాలి. అక్కడున్నవి రేకులు. మెకానిక్ పైకొకసారి, యజమాని మొహంలోకి ఒకసారి చూసి కటింగ్ మెషిన్ అడుగుతాడు. కోసిన రేకుకి తర్వాత ఎంత ఎంసీల్ రాసినా తొలివాన ఆ చోటే వెతుక్కుంటూ వస్తుంది.

డ్రైనేజీ ఛాంబర్లూ తమరి ఆస్తే. వాటి మూతల మీద టైల్స్ పరిచేస్తే ఇల్లు అందంగానే ఉంటుంది, నాలుగంగుళాల పైపు పూడుకునేదాకా. ఆ రోజు ఛాంబర్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. సుత్తి పట్టుకున్నవాడు మూడు టైల్స్ పగలగొట్టాక గాని సరైనది దొరకదు. ఆ డిజైన్ టైల్ అప్పటికి కంపెనీయే మానేసి ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద పగ గోడది. ఆ మీటరునీ మింగి గోడను సరిగ్గా హద్దు మీదికి జరుపుతారు. పక్కాయనా తనవంతుగా అంతే చేసి ఉంటాడు. రెండు గోడల మధ్య అరచెయ్యి పట్టదు. బయటివైపు ప్లాస్టరింగ్ చేయాలంటే మేస్త్రి నిలబడేదెక్కడ? ఇటుక అలాగే ఉండిపోతుంది, రెండు డాబాల నీళ్లూ ఆ సందులోకే దిగుతాయి. లోపల బెడ్‌రూమ్ గోడకి చెమ్మ. దానికి పుట్టీ, వాటర్‌ప్రూఫ్ పెయింటు, మళ్లీ పుట్టీ. నీళ్లొచ్చేది బయటినుంచైతే లోపల ఎన్ని పూతలు పూసినా ఉబ్బి రాలేవే.

ఇక రేకుల పైపుల్ని నాలుగున్నర అంగుళాల ప్రహరీకి బిగించే శూరులూ ఉన్నారు. ఆ గోడ తన బరువు మోయడానికే కట్టింది. ఈదురుగాలి రేకు కిందికి దూరి పైకెత్తితే ముందు కదిలేది గోడే. స్క్రూ కూడా రేకు గట్టు మీద కాకుండా పల్లంలో కొడతారు. నీళ్లు పారే దారిలోనే కన్నం!

ఇట్లు,
తమరి హద్దులో చిన్న షెడ్డు వేసుకుందామనుకుంటున్న
ఒక ఇంటి యజమాని

తా.క.: వాష్ ఏరియా కావాలంటే ప్లాన్ గీసేటప్పుడే బిల్డింగ్ లైన్ (తమరి వాటా పోగా ఇల్లు కట్టుకునే హద్దు) లోపల, వంటగది పక్కన నాలుగడుగులకు ఆరడుగులు ఇవ్వమని ఇంజినీరుకు చెబుతాం. రోడ్డు విస్తరణలో మన స్థలం పోయేదుంటే ముందువైపు మీటరున్నర ఇప్పటి ప్రహరీ నుంచి కాదు, పోగా మిగిలిన హద్దు నుంచి కొలవాలి. టేపు అటువైపు నుంచే పడతాం.