రేవుకు పదో నంబర్.. కల్లానికి ఏ నంబర్?

మొంథా తుపాను తీరం దాటకముందే కాకినాడ రేవులో పదో నంబర్ ప్రమాద హెచ్చరిక ఎగిరింది. 2025 అక్టోబర్ 28 రాత్రి అది నర్సాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏమైందో మన పాఠకులకు మళ్లీ చెప్పక్కర్లేదు. డిండి మత్తడి దుంకింది, శ్రీశైలం రోడ్డు తెగింది, దేవరకొండ దగ్గర గురుకులం పిల్లలను నీళ్లలోంచి బయటికి తెచ్చుకున్నాం. కొనుగోలు కేంద్రాల్లో వడ్లు తడిశాయి. ఈ చివరి మాట ఇప్పుడు ఎవరికీ వార్తలా కూడా అనిపించడం లేదు. మా కోపం దాని మీదే.

సముద్రం లేని జిల్లాల్లో రేవుల ముచ్చట ఎందుకని అడగొచ్చు. మన వడ్లు బియ్యమై పోయేది అటే కదా! 2025 మార్చి 31న పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి కాకినాడలో జెండా ఊపి 12,500 టన్నుల తెలంగాణ బియ్యాన్ని ఫిలిప్పీన్స్‌కు సాగనంపారు. గర్వపడాల్సిన సందర్భమే, మేమూ సంతోషించాం. అయితే ఆ గింజకు రేవులో దొరికే మర్యాద ఎట్లా ఉంటుందో, అది పుట్టిన చోట ఎట్లా ఉంటుందో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

రేవులో ఎగరేసే హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పగలు శంకువులు, స్తంభాల ఆకారాలు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. ఎనిమిది అంటే తీవ్ర తుపాను రేవును ఎడమ పక్కకు వదిలి పోతుందని, తొమ్మిది అంటే కుడి పక్కకు వదిలి పోతుందని, పది అంటే రేవు మీదుగానో దానికి ఆనుకునో దాటుతుందని. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. కబురు అందకపోయినా ఏం చేయాలో తెలియడానికి ఒక నంబర్ పెట్టుకున్నారు! ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. 1864లో తుపాన్లు కలకత్తాను, మచిలీపట్నాన్ని ఊడ్చేశాక, మరుసటి ఏడు కలకత్తా రేవులో మొదలైంది.

నంబర్ పెరిగే కొద్దీ ఎవరి పని ఏంటో ప్రతి రేవు ముందే రాసి పెట్టుకుంటుంది. సరుకు ఎక్కించడం ఆపేస్తారు. జెట్టీకి, అంటే ఓడలు ఆగే గట్టుకు, కట్టి ఉన్న పెద్ద ఓడలను సముద్రంలోకి పంపేస్తారు. కట్టేసి ఉంటే గాలికి ఓడ జెట్టీని గుద్దుకుని రెండూ పాడవుతాయి, లోపలికి పోతే అలల మీద తట్టుకుని నిలబడే వీలుంటుంది. క్రేన్లను పట్టాల మీద ఒక చోటికి నడిపి, నేలలోని గుంతల్లోకి ఇనుప పిన్నులు దించి, గొలుసులతో బిగిస్తారు. అది సరిగ్గా లేకపోతే ఏమవుతుందో 2003లో దక్షిణ కొరియాలోని బుసాన్ రేవు చూసింది. ‘మేమీ’ అనే తుపాను గాలికి అక్కడ భారీ క్రేన్లు వరుసగా కూలిపోయాయి. ఇక బియ్యం ఓడ సంగతి వేరే చెప్పాలి. తుపాను దాకా ఎందుకు, చినుకు పడితే చాలు, లోడింగ్ ఆపి మూతలు మూసేస్తారు. ఓడ బాడుగ ఒప్పందాల్లో సాధారణంగా ఒక షరతు కూడా ఉంటుంది. లోడింగ్‌కు ఇచ్చిన గడువులో వాన వల్ల పని ఆగిన గంటలు సరుకుదారు ఖాతాలో పడవు. వాన మొదలైతే గడియారం ఆగుతుంది.

ఇప్పుడు ఐకేపీ కేంద్రానికి, అంటే మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రానికి రండి. వడ్లు కుప్ప పోసి రోజులు గడుస్తాయి. తేమ 17 శాతం దాటిందంటారు, మళ్లీ ఎండబోయమంటారు. ఎండేసరికి గన్నీ సంచులు ఉండవు. సంచులొస్తే హమాలీలు దొరకరు. కాంటా అయితే లారీ రాదు. అప్పటికి మబ్బు కమ్ముతుంది. కిరాయికి తెచ్చుకున్న పట్టా కప్పి, నాలుగు దిక్కులా రాళ్లు పెట్టి రైతు దాని మీదే కూర్చుంటాడు. పైన పట్టా బాగానే ఉంటుంది, నీళ్లు కింద నుంచి వస్తాయి. కేంద్రం పల్లపు జాగాలో పెట్టారు మరి. తెల్లారి కుప్ప అడుగున చెయ్యి పెడితే గింజలు వెచ్చగా, ముద్దగా తగులుతాయి. రెండు రోజులాగితే మొలకలు. ఆ తర్వాత మిల్లు దగ్గర తరుగు. ఇక్కడ గడియారం ఒక్క నిమిషం కూడా ఆగదు. కొనుగోలు కేంద్రం ఆలస్యం చేసిన ప్రతి రోజూ రైతు ఖాతాలోనే పడుతుంది.

ఓడలు పదుల్లో, కేంద్రాలు వేలల్లో ఉంటాయని, వాన ఎక్కడ ఎంత పడుతుందో ముందే చెప్పలేమని అధికారులు అంటారు. కొంత నిజమే. కానీ వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల్లో నాలుగో దశ ఒకటుంది. తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు ఇస్తారు. దాటాక తుపాను ఎటు పోతుంది, లోపలి జిల్లాల్లో ఏం జరగొచ్చు అన్నదే అందులోని విషయం. అంటే మన లాంటి జిల్లాల కోసమే రాసిన కాగితం అది. దానికి ముందు 48 గంటల హెచ్చరిక ఉంది, 24 గంటలది ఉంది. కబురు రాలేదని ఎవరూ అనలేరు. కబురు వచ్చాక కదలాల్సింది ఎవరన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు.

రాయకపోవడం మరిచిపోయి కాదని మా అనుమానం. రాస్తే ఒకరి పేరు పడుతుంది. ఫలానా హెచ్చరిక రాగానే హార్వెస్టర్లను ఆపించాల్సింది వ్యవసాయ అధికారి, ఎండిన వడ్లను ఆ రాత్రే కాంటా వేయించాల్సింది కేంద్రం నిర్వాహకులు, లారీలు పంపాల్సింది పౌరసరఫరాల శాఖ అని కాగితం మీదికెక్కితే, తెల్లారి తడిసిన కుప్పకు జవాబు చెప్పాల్సిన మనిషి దొరుకుతాడు. కేంద్రంలో రైతుకు వరుస టోకెన్ ఇచ్చిన రోజు నుంచి గింజకు పూచీ సర్కారుదేనని ఒప్పుకుంటే ఈ పనులన్నీ వాటంతటవే జరుగుతాయి. ఆ మాట తప్ప మిగతావన్నీ చెబుతారు. ‘తడిసిన ధాన్యమూ కొంటాం, రైతులు అధైర్యపడొద్దు’ అని ప్రతి ప్రభుత్వమూ ప్రతి సీజన్‌లో చెప్పింది. నష్టం జరిగాక దయ చూపించడం అలవాటైపోయి, జరగకుండా చూడాల్సిన బాధ్యత అడిగే వాడే లేకుండా పోయాడు. 2020లో రాష్ట్రం కేంద్ర ప్రభుత్వ పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి బయటికొచ్చాక ఆ దయ తప్ప రైతుకు వేరే దిక్కు కూడా మిగల్లేదు.

అదే గింజ. మిర్యాలగూడ మిల్లులో ఆడి, సంచిలో పడి, కాకినాడ చేరితే దాని కోసం సముద్రం వైపు చూసే కళ్లున్నాయి, చినుకు పడగానే మూసే మూతలున్నాయి, ఆగిపోయే గడియారం ఉంది. ఆరుగాలం కష్టపడి పండించిన మనిషి చేతిలో ఉన్నన్నాళ్లూ దానికి దిక్కు లేదు. ఎగుమతి ఓడకు జెండా ఊపే ప్రభుత్వం ఈ తేడాను సమర్థించుకోగలదా?

యాసంగి వడ్లు ఏప్రిల్‌కల్లా కేంద్రాలకు వస్తాయి. అప్పటి అకాల వానలకు తుపాను పేరు కూడా ఉండదు, రేవులో హెచ్చరిక కూడా ఎగరదు. ఈలోగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి కలెక్టర్లు ఒక్కో కేంద్రం గోడ మీద ఒక పేరు, ఒక ఫోన్ నంబర్ రాయించాలి. వాన కబురు వస్తే లారీ ఎవరు పంపుతారో ఆ పేరు. అది రాయించే ధైర్యం లేకపోతే, తడిసిన కుప్ప ముందు నిలబడి ఫొటోలు దిగడానికి మాత్రం రాకండి.