గ్రాఫిక్స్ తేలిపోలేదు, కథ తేలిపోయింది

సూళ్లూరుపేట దగ్గర నూరడుగులకు పైగా వెడల్పున్న తెరతో థియేటర్ వచ్చింది 2019లో. అప్పటికి ఆ ఊరు మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. కారు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ పోయిన వాళ్లలో మేమూ ఉన్నాం. ఆ తర్వాత కూడా పెద్ద సినిమా ఏదొచ్చినా అక్కడికే. అలా ఒకసారి ఒక సినిమాకు పోయాం. తెర నిండా సైన్యాలు, కూలిపోతున్న కోటలు, ఆకాశం నిండా మంటలు. మొదటి పది నిమిషాలు కళ్లార్పలేదు. ఆ తర్వాత కన్ను అలవాటు పడిపోయింది. సెకండాఫ్‌లో యుద్ధం మంచి ఊపు మీదుండగా మా అమ్మ నా చెవి దగ్గరికి వంగి అడిగింది: "వీళ్లిద్దరూ ఎందుకు కొట్టుకుంటన్నార్రా?"

ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

బయటికొచ్చాక అందరం ఒకే మాట అన్నాం, గ్రాఫిక్స్ తేలిపోయాయని. ఇప్పుడు ఆలోచిస్తే తేలిపోయింది కథ అనిపిస్తుంది. మనసు కథలో లేనప్పుడే కన్ను ఖాళీగా ఉండి తప్పులు వెతుకుతుంది. గ్రాఫిక్స్ కలపడానికి కట్టే పచ్చ గుడ్డ (గ్రీన్‌మ్యాట్) ముందు నిలబడ్డ హీరో మొహం మీద వెలుతురు ఒక వైపు నుంచి, వెనక సూర్యుడు ఇంకో వైపు. అంత రాక్షసుడు అడుగేసినా దుమ్ము లేవదు, నేల కుంగదు. ఇవి నిజమైన లోపాలే. కానీ ఇంతకంటే పెద్ద లోపాలున్న సినిమాలను మనం గుండెల్లో పెట్టుకున్నాం.

'మాయాబజార్' 1957 నాటిది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిపోయే ట్రిక్కు ఎలా చేసుంటారో ఈరోజు పదేళ్ల పిల్లవాడు కూడా ఊహించగలడు. అయినా ప్రతిసారీ నవ్వుతాం. అది వియ్యాలవారి కోసం సిద్ధం చేసిన విందు అనీ, తింటున్నవాడు ఆ పెళ్లి చెడగొట్టడానికి వచ్చినవాడనీ మనకు తెలుసు. అంతకంటే పెద్ద మాయ ఆ సినిమాలో ఇంకొకటి ఉంది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనల్ని నమ్మించేది ఏ ట్రిక్ షాటూ కాదు. సావిత్రి నడక, ఆ చూపు, ఆ మూతి విరుపు. కెమెరా ఊరికే నిలబడి చూస్తుంది. ఘటోత్కచుడి కొలువులో చిన్నమయ్యగా వేసిన రమణారెడ్డి మన నెల్లూరు జిల్లా మనిషే. ఆ మాట చెప్పకుండా ఉండలేను.

మన జిల్లాకు ఆ సినిమాతో ఇంకో బంధం కూడా ఉంది. దాని దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు పుట్టింది ఉదయగిరిలో. ఆయన తర్వాత తీసిన సినిమాలు వరసగా చూస్తే నేను చెప్పాలనుకున్నది చాలావరకు వాటిలోనే ఉంది. 1989లో కమల్‌హాసన్‌తో 'విచిత్ర సోదరులు' తీశారు. కంప్యూటర్ సాయం లేని రోజులు. మోకాళ్లు మడిచి, వాటికి ప్రత్యేకంగా బూట్లు కుట్టించి, కొన్ని చోట్ల నేలలో గొయ్యి తవ్వి ఒక నిలువెత్తు మనిషిని మరుగుజ్జు సర్కస్ బఫూన్‌ను చేశారు. చూస్తున్నంతసేపూ ఎలా చేశారన్న ఆలోచన రాదు. ప్రేమించిన పిల్ల ఇంకొకరిని పెళ్లి చేసుకుంటుంటే ఆ బఫూన్ మొహం చూసి గొంతు పట్టేస్తుంది. ఎలా చేశారన్న ప్రశ్న ఇంటికొచ్చాక పుడుతుంది.

రెండేళ్లకు 'ఆదిత్య 369'. ఆ టైమ్ మెషిన్‌ను ఇప్పుడు చూస్తే మెరుపు లైట్లు పెట్టిన డబ్బా. 2025లో రీ-రిలీజ్ అయినప్పుడు మా అక్క కొడుకుని తీసుకెళ్లాను. వాడు పుట్టినప్పటి నుంచీ చూసిన గ్రాఫిక్స్ ముందు అది ఏ మూలకూ రాదు. మొదట సీట్లో వెనక్కి వాలి కూర్చున్నాడు. ప్యాంటూ చొక్కా వేసుకున్న ఈ కాలపు మనిషి శ్రీకృష్ణదేవరాయల కాలంలో దిగేసరికి ముందుకు జరిగాడు. అక్కడి నుంచి డబ్బా వాడికి డబ్బాగా కనబడలేదు, ఇంటికి తిరిగొచ్చే ఒకే ఒక దారిగా కనబడింది. అది పాడైతే ఏమవుతుందోనని వాడికి టెన్షన్.

'ఈగ' (2012) గ్రాఫిక్స్‌కు జాతీయ అవార్డు వచ్చింది. న్యాయమే. కానీ ఆ సినిమా మొదలయ్యేది ఒక పాప నాన్నను కథ చెప్పమని అడగడంతో. ఈగకు మాటలు లేవు. దానికి ఏం కావాలో మాత్రం ప్రతి క్షణం మనకు తెలుసు.

దీనికి ఎదురుగా 'ఆదిపురుష్' ఉంది. 2022 అక్టోబర్‌లో టీజర్ రాగానే గ్రాఫిక్స్ మీద విమర్శలు వచ్చాయి. సంక్రాంతికి రావాల్సిన సినిమాను 2023 జూన్‌కు జరిపి బొమ్మలకు మెరుగులు దిద్దారు. తీరా విడుదలయ్యాక పెద్ద గొడవ మాటల మీద. హనుమంతుడి నోట ఆ డైలాగులేమిటని జనం బాధపడ్డారు. కొన్ని రోజులకే వాటిని మార్చాల్సి వచ్చింది. ఐదు నెలలు దేని మీద పెట్టారో, జనానికి ఎక్కడ నొప్పి పుట్టిందో చూడండి.

అది విడుదలైన నాలుగు వారాలకు, జూలై 14 మధ్యాహ్నం, శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. సూళ్లూరుపేట దగ్గర రోడ్డు పక్కన నిలబడి చూశాం. చెట్ల మీదుగా ఒక నిప్పు చుక్క, దాని వెనక తెల్లటి పొగ గీత, కాసేపటికి ఉరుము లాంటి చప్పుడు. కంటికి కనబడింది అంతే. నూరడుగుల తెర మీద దీనికి వంద రెట్లు చూశాం. కానీ నాలుగేళ్ల కింద చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయిన రాత్రి అక్కడున్న అందరికీ గుర్తుంది. నా పక్కన ఒక పెద్దాయన కళ్లు తుడుచుకోవడం చూశాను. ముందు జరిగిన కథ తెలిసుండటం అంటే ఇదే.

గ్రాఫిక్స్ చేసేవాళ్లను తిట్టడం నాకు అన్యాయం అనిపించేది కూడా ఇందుకే. రిలీజ్ డేట్ ముందే ప్రకటిస్తారు, షూటింగ్ చివరిదాకా సాగుతుంది, మిగిలిన కొద్ది వారాల్లో పని అంతా వాళ్ల నెత్తిన పడుతుంది. మా ఎరుకలో కందుకూరు కుర్రాడొకడు హైదరాబాద్‌లో ఆ పని చేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు, హీరో నదిలోకి దూకే ఒక్క షాట్ మీద మూడు వారాలు కూర్చున్నానని చెప్పాడు. నీళ్లు ఎలా చిమ్మాలి, బట్ట ఎలా తడవాలి అన్నీ వివరంగా చెప్పాడు.

"ఇంతకీ వాడు ఎందుకు దూకుతాడు?" అని అడిగాను.

"అది మాకు చెప్పరన్నా. షాట్ నంబర్ ఇస్తారు."