కలెక్టరేట్ వస్తే జిల్లా అయిపోతుందా?

సూళ్లూరుపేట రైతుకు కలెక్టర్ తిరుపతిలో ఉంటారు, జిల్లా పరిషత్ మాత్రం నెల్లూరులో. శ్రీకాళహస్తి వాళ్లకు కలెక్టర్ తిరుపతిలోనే, జడ్పీ చిత్తూరులో. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలను 26 చేసి సంబరాలు చేసుకున్నారు కదా, అప్పట్నుంచీ ఇదే వరస. హద్దుల గురించి ఎంతైనా మాట్లాడతారు గానీ ఈ సంగతి ఎత్తే నాయకుడు లేడు.

ఒక రాష్ట్రాన్ని విడదీయాలంటే రాజ్యాంగం మూడో అధికరణ కింద పార్లమెంటు చట్టం చేయాలి, ముందుగా ఆ బిల్లు శాసనసభ అభిప్రాయానికి రావాలి. జిల్లాకు అవేవీ అక్కర్లేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇస్తే చాలు, అసెంబ్లీలో ఓటింగ్ కూడా ఉండదు. ఈ అధికారం రాష్ట్రం చేతిలో ఉండటం మాకు సమ్మతమే, పుత్తూరు ఏ జిల్లాలో ఉండాలో ఢిల్లీ తేల్చడం కంటే అదే నయం. మా కోపమంతా ఆ అధికారాన్ని వాడిన తీరు మీద. ప్రభుత్వం నియమించే కలెక్టర్, ఎస్పీ రాత్రికి రాత్రే వచ్చేశారు. మనం ఓటేసి ఎన్నుకునే జడ్పీ మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది.

2021లో ఎన్నికైన జడ్పీలకు ఐదేళ్ల గడువుంది, మధ్యలో ఎలా విడదీస్తామని అధికారులంటారు. సరే, అది చట్టపరమైన చిక్కే. మరి ఉద్యోగాల సంగతేంటి? టీచర్ల నియామకాల కోసం పెట్టిన 2025 మెగా డీఎస్సీ కూడా పాత 13 జిల్లాల లెక్కనే జరిగింది, ఎందుకంటే ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే రాజ్యాంగ అధికరణ 371-డి కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులకు తెలిసినవి పాత జిల్లాలే. తెలంగాణ 2016లో జిల్లాలు పెంచింది, 2018లో కొత్త ఉత్తర్వులు తెచ్చుకుంది. మనవాళ్లకు ఆ తొందర కలెక్టరేట్ బోర్డు మార్చడంలోనే కనిపించింది.

ఎన్నికైన సభ లేకుండా జిల్లాను నడిపేయొచ్చని ఒకసారి అలవాటైతే, రేపు ఏ పార్టీ వచ్చినా ఇదే చేస్తుంది, ఎన్నికల ముందు ఒక గీత, గెలిచాక ఇంకో గీత. జనం మాత్రం ఒక కాగితానికి తిరుపతి, ఇంకో కాగితానికి చిత్తూరు తిరుగుతూనే ఉండాలి. తిరుపతికి సొంత జిల్లా పరిషత్ పెట్టి, దానికే ఎన్నికలు జరపండి. అది చేతకానప్పుడు ఇంకో కొత్త జిల్లా పేరు ఎత్తకండి.