ముందు ఆ మంచి గుడ్డకే కత్తెర పెట్టండి

కుట్టు మిషన్ ఉన్న ఇళ్ళలో ఉన్నంత కుట్టని గుడ్డ కట్‌పీస్‌ల షాపులో కూడా ఉండదేమో అనిపిస్తుంది నాకు. బీరువా కింది అరలో జాకెట్టు ముక్కలు, వాటి మీద డ్రెస్ మెటీరియళ్ళు, మంచం కింద సూట్‌కేసులో "మంచివి", అటక మీద మూటలో "పాతవే గానీ గుడ్డ గట్టిది". ఎందుకమ్మా ఇవన్నీ అంటే అందరిదీ ఒకటే మాట, ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తాయి అని. పాపకి పట్టు పరికిణీ కుట్టిద్దామని గుడ్డ కొంటారు, పండక్కి కుట్టిద్దాంలే, పుట్టినరోజుకి కుట్టిద్దాంలే అంటూ దాస్తారు, ఈలోపు పాప ఇంటర్‌కి వచ్చేస్తుంది, పరికిణీ అంటే మొహం చిట్లిస్తుంది. గుడ్డ మాత్రం ధర కాగితంతో సహా కవర్లో అలాగే ఉంటుంది.

నేను చెప్పేది ఒక్కటే. దాచిన వాటిలో అన్నిటికన్నా మంచి గుడ్డ ఏదో చూసి ముందు దాన్ని తీయండి, దానికే కత్తెర పెట్టండి, మామూలు రోజుల్లో వేసుకునేదే ఏదైనా కుట్టుకోండి. అందరూ చెప్పే సలహా దీనికి తిరగేసి ఉంటుంది, ముందు పనికిరాని ముక్కలతో చేయి తిప్పుకోండి, మంచిది తర్వాత చూద్దాం అని. అలా మొదలుపెట్టినవాళ్ళు దిండు గలీబుల దగ్గరే ఆగిపోతారు, మంచి గుడ్డ జోలికి ఎప్పటికీ వెళ్ళరు.

అసలు ఇంత గుడ్డ ఎలా పోగుపడింది అంటే, మనం కొన్నది కొంతే, మిగతాదంతా మన మీదకి వచ్చి పడింది. శ్రావణ శుక్రవారం, మంగళగౌరీ నోము, అట్లతద్ది, సీమంతం, గృహప్రవేశం, తెలంగాణ వైపు అయితే ఒడిబియ్యం, ఎక్కడికి వెళ్ళినా పసుపు కుంకుమతో పాటు ఒక జాకెట్టు ముక్క. ఈ ఆనవాయితీ మీద నాకు చిన్నచూపేమీ లేదు, ఒకప్పుడు అది నిజంగా తెలివైన కానుక. చీర వేరుగా, రవికె గుడ్డ వేరుగా కొనుక్కునే రోజులవి. చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి, షాపతను తానులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి చూపిస్తుంటే టూ బై టూ రూబియాలో, అంటే జాకెట్లకి వాడే సన్న కాటన్‌లో, ఆ రంగు దొరికేదాకా వెతికి, 80 సెంటీమీటర్లు చింపించుకుని వచ్చేవాళ్ళు. అలాంటప్పుడు పేరంటంలో వచ్చిన ముక్క ఏదో ఒక చీరకి కలిసేది, కుట్టుకూలి కూడా చేతికందేలా ఉండేది. ఇప్పుడు చాలా చీరలకి బ్లౌజ్ గుడ్డ కూడా కలిపే వస్తోంది. ఇక విడి ముక్కకి పని ఎక్కడుంది? పైగా ఆ ముక్కలు చూడండి, సగం జారిపోయే పాలిస్టర్, చెమట పీల్చదు, మన ఎండలకి ఒంటి మీద పెట్టలేం. 80 సెంటీమీటర్లు అంటారు, టేపు పెట్టి చూస్తే 70 దాటనివి కూడా ఉంటాయి. 36 అంగుళాల పన్నాలో (వెడల్పులో) అంత ముక్కతో ఇప్పుడు అందరూ అడిగే మోచేతి దాకా చేతులు రావు, గుడ్డని ఐమూలగా కత్తిరించే క్రాస్ కటింగ్ అయితే ఇంకా కష్టం, నా సైజు వాళ్ళకైతే మీటరు కావాల్సిందే.

అసలు లెక్క అంతా కుట్టుకూలి దగ్గర ఉంది. మా వైపు లైనింగ్ వేసి జాకెట్టు కుట్టాలంటే ఐదారు వందలు అడుగుతున్నారు, అడగడంలో తప్పేమీ లేదు, కత్తిరించడం, లైనింగ్ కలపడం, ఉక్సు పట్టీ, మెడ చుట్టూ పైపింగ్, చేత్తో హెమ్మింగ్, చిన్న పని కాదది. కానీ యాభై రూపాయల ముక్కకి ఐదొందలు పెట్టి ఎవరు కుట్టిస్తారు? అందుకే మడత విప్పకుండా ఇంకో పేరంటానికి పంపిస్తారు, అది వీధంతా తిరుగుతుంది. కుట్టరని ఇచ్చేవాళ్ళకి తెలుసు, కుట్టించబోమని తీసుకునేవాళ్ళకీ తెలుసు, షాపు వాళ్ళకి మాత్రం అమ్మకం అయిపోయింది.

మగవాళ్ళు నవ్వుకోకండి, మీ ప్యాంటు షర్టు బిట్లు ఎక్కడున్నాయి? పెళ్ళిళ్ళలో బట్టలు పెట్టినప్పుడల్లా వచ్చిన డబ్బాలు? మీలో ఇప్పుడు టైలర్ దగ్గరికి వెళ్ళి కొలతలిచ్చే ఓపిక ఎంతమందికి ఉంది, అందరూ రెడీమేడే. ఇవి నిజానికి జాకెట్టు ముక్కల కన్నా చాలా మేలు. షర్టు బిట్టు మామూలుగా 58 అంగుళాల పన్నాలో 1.6 మీటర్లు ఉంటుంది, అందులో ఆడవాళ్ళకి మోకాళ్ళ దాకా కుర్తీ హాయిగా వస్తుంది. లేత నీలం గళ్ళు, తెలుపు మీద సన్న గీతలు, కుర్తీగా కుడితే ఎంత బాగుంటాయో. ప్యాంటు బిట్టు 1.2 మీటర్లు ఉంటుంది, గుడ్డ మందం కాబట్టి కూరగాయల సంచికి దాన్ని మించింది లేదు. (మా ఆయన తన పెళ్ళినాటి బిట్టు సంచి అయిపోయిందని కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నారు, ఇప్పుడు రైతు బజారుకి ఆ సంచే పట్టుకెళ్తున్నారు.)

దాస్తే గుడ్డ అలాగే ఉంటుందనుకోవడం ఉత్త భ్రమ. పట్టు ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంటే ఆ మడత గీత వెంటే చీలుతుంది, అందుకే పెద్దవాళ్ళు పట్టుచీరలు అప్పుడప్పుడూ తీసి గాలికి ఆరేసి మడత మార్చి పెట్టేవాళ్ళు. చీరలకైతే చేస్తాం, ముక్కలకి ఎవరు చేస్తారు? జరీ నల్లబడుతుంది. తెల్ల గుడ్డ మడతల దగ్గర పచ్చబడుతుంది. గంజి ఉన్న కాటన్ కనబడితే వెండి రంగులో సన్నగా పాకే ఆ పురుగులకి పండగే. ఇనప బీరువా అయి, ఊరు సముద్రం పక్కన అయితే తుప్పు మరక ఎక్కడో ఒకచోట పడుతుంది, అది మామూలు ఉతుకుడికి పోదు. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయేమో గానీ మడతని ఆపవు. అందుకే బయటికి తీశాక ముందు ఒక పని చేయండి, మడత గీత దగ్గర రెండు వైపులా పట్టుకుని కాస్త గట్టిగా లాగండి. పోగులు విడిపోతే దాని మీద కుట్టుకూలి దండగ, దుమ్ము తుడవడానికి వాడేయండి, ఏడవకండి. నిలబడితే, కాటన్ అయినప్పుడు నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, కుంచించుకుపోయేదేదో కత్తెర పడకముందే కుంచించుకుపోతుంది. కలంకారీని విడిగా నానబెట్టాలి, రంగు కొంచెం వదులుతుంది, నీడలోనే ఆరేయాలి. దారం మాత్రం కొత్తది కొనండి, గుడ్డతో పాటు దాచిన పాత దారం రీలు మిషన్ మీద పెడితే మాటిమాటికీ పుటుక్కుమంటుంది, తప్పు మిషన్‌ది అనుకుని మెకానిక్‌ని పిలుస్తారు.

కలంకారీ అన్నాను కాబట్టి నాకు బాగా మండే విషయం కూడా చెప్పేస్తాను. పెడనలో ఆ గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి, రంగుకో చెక్క అచ్చు చొప్పున చేత్తో అద్ది, పారే నీళ్ళలో ఉతికి, ఉడకబెట్టి, ఎండబెట్టి, అంత చాకిరీ చేసి మన చేతికిస్తారు. ఆగస్టు 7న చేనేత దినోత్సవం అని ఫోటోలు పెట్టి, ఎగ్జిబిషన్‌కి వెళ్ళి పోచంపల్లి ఇక్కత్ రెండున్నర మీటర్లు, మంగళగిరి కాటన్ రెండున్నర మీటర్లు కొని, ఇంటికొచ్చి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అదేంటంటే, కొన్నాం కదా, డబ్బు నేతన్నకి చేరింది కదా అంటారు. చేరింది, ఒక్కసారి. అదే కుట్టించుకుని ఆఫీసుకి వేసుకెళ్తే పక్క సీటు ఆవిడ ఎక్కడ తీసుకున్నారండీ అని అడుగుతుంది, ఆవిడా ఒకటి కొంటుంది, మీది అరిగిపోతే మీరూ మళ్ళీ కొంటారు. మగ్గం ఆడాలంటే గుడ్డ అరగాలి కదా, బీరువాలో పెట్టింది ఎలా అరుగుతుంది?

మంచి గుడ్డకి కత్తెర పెట్టాలంటే చేయి ఆడదు, అది నిజమే, పాడైతే తిరిగి రాదు. దానికో దారి ఉంది, వాయనం ముక్కలకి నేను చూసిన అసలు ఉపయోగం కూడా ఇదే. వాటిలోంచి మంచి కాటన్ రూబియా ముక్క ఒకటి తీసి ముందు ట్రయల్ కుట్టండి. గీసి, కత్తిరించి, పెద్ద కుట్లతో జోడించి వేసుకుని చూడండి, చంక దగ్గర పట్టేసిందా, భుజం జారుతోందా, ముందు భాగం పొడవు చాలిందా. సరిచేశాక కుట్లు విప్పి ఆ ముక్కల్ని కాగితం మీద పెట్టి గీసి ఉంచుకుంటే ఆ కొలత చాలాకాలం పనికొస్తుంది. కొలత కోసం టైలర్‌కి ఇచ్చే ఆది జాకెట్టు ఒక్కదాన్నే నమ్ముకోకండి, అది ఎప్పటిదో, అప్పటి ఒళ్ళు వేరు, పైగా ఉతికి ఉతికి సాగి ఉంటుంది. పాలిస్టర్‌తో ట్రయల్ వద్దు, కాటన్‌కీ దానికీ ఒంటి మీద పడే తీరు వేరు. ఒక్క ట్రయల్ చాలు, రెండోది కూడా కుట్టి చూద్దాం అనిపించిందంటే ఇక మీరు కత్తిరించరు, నాకు తెలుసు.

2020 లాక్‌డౌన్ గుర్తు తెచ్చుకోండి. షాపులు మూసేశారు, మాస్కులు దొరకలేదు, ఏళ్ళుగా కదలని రూబియా ముక్కలన్నీ చూస్తుండగానే కత్తెర కిందకి వచ్చేశాయి. ఆంధ్రాలో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని ప్రభుత్వం అంటే డ్వాక్రా మహిళలు కూర్చుని కుట్టారు. మన ఇళ్ళలోనూ ఇది అత్తగారు పెట్టింది, ఇది అన్నవరం వెళ్ళినప్పుడు కొన్నది అని అప్పుడు ఎవరూ చూడలేదు, రంగు కలిసిందా లేదా అని కూడా చూడలేదు. అంటే అవసరం అనుకుంటే కత్తెర పడుతుంది. మరి మనం రోజూ వేసుకునే బట్ట మనకి అవసరం కాదా, రెడీమేడ్ షాపులో చంక కింద కుట్టు విడిపోయే కుర్తీ వెయ్యి రూపాయలకి కొనుక్కుంటున్నాం కదా వారం వారం?

"అది అమ్మ కొనిచ్చింది, ఎలా కత్తిరిస్తాను" అని ఒక అక్క నాతో అన్నారు. అమ్మ కొనిచ్చింది వేసుకోమని అక్కా, దాచమని కాదు. బతికున్న అమ్మ అయితే కుట్టించుకుని వెళ్ళి చూపించండి, లేకపోతే అయినా కుట్టించుకోండి. కుట్టగా మిగిలిన పీలికలతో పైపింగ్ వేసుకోండి, అది ఇంకో నాలుగు జాకెట్ల మెడ మీద కనబడుతుంది.

మిగతా ముక్కల సంగతి తొందరగా చెప్పేస్తాను. అంచున్న కాటన్ ముక్కలు రెండు కలిపితే చంటిపిల్ల గౌను వస్తుంది. తెల్లటి, రంగు వదలని కాటన్‌ని ఉతికి ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికీ, వడియాల మీద కప్పడానికీ పెట్టుకోండి. లైనింగ్ గుడ్డలు లైనింగ్‌కే, వాటితో ప్రయోగాలు వద్దు. చిన్న పీలికలు బొంత లోపల పరవడానికి. లంబాడీ ఆడవాళ్ళు పీలిక పీలిక కలిపి అద్దాలు కుట్టి చేసిన పని చూశాక ఈ ముక్క చిన్నది, ఎందుకూ పనికిరాదు అనడానికి నాకైతే నోరు రాదు, కానీ అంత ఓపిక నాకు లేదు, మీకూ ఉండకపోవచ్చు, ఉన్నట్టు నటించి ఇంకో మూట అటక ఎక్కించొద్దు. టైలరింగ్ నేర్చుకునే పిల్లలు మీ వీధిలోనే ఉంటారు, వాళ్ళకి ఇచ్చేయండి, కటింగ్ నేర్చుకోవడానికి పేపరు కన్నా గుడ్డ నయం.

కొత్తది కొనకుండా ఉండటం మాత్రం కష్టం, ముఖ్యంగా రాత్రి పూట ఫోన్‌లో లైవ్ పెట్టి "మీటరు నూట ఇరవై, ఇదే చివరి తాను అక్కలూ" అని అమ్మేవాళ్ళు ఉన్నంతకాలం. నేను పెట్టుకున్న షరతు ఒకటే, ఏ బట్ట కుట్టాలో, ఎన్ని మీటర్లు పడుతుందో, ఎవరికో చెప్పలేకపోతే కొనను. "గుడ్డ బాగుంది" అనేది కారణం కాదు, బాగోని గుడ్డ ఎవరు కొంటారు?

పేరంటాలకి వస్తే, ముక్క పెట్టాల్సిందే అనుకునేవాళ్ళు మీటరు కాటన్ పెట్టండి, లేదంటే కుట్టుకూలి కూడా కవర్లో పెట్టి ఇవ్వండి, అప్పుడు కుట్టించుకుంటారు. ఈ శ్రావణానికి మా ఇంట్లో వాయనం తీసుకునేవాళ్ళకి శనగలూ తాంబూలం జాకెట్టు ముక్కతోనే కుట్టిన సంచిలో పెట్టి ఇస్తాను. 2022 జూలై నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటి మీద నిషేధం ఉన్నా మా వీధి పేరంటాల్లో ఇంకా పల్చటి కవర్లే తిరుగుతున్నాయి, దానికీ ఇదే జవాబు. ముక్కని ముక్కలా పెట్టలేదేంటని మా పెద్దత్తగారు అననే అంటారు. అననివ్వండి, ఆవిడ ఇచ్చిన ముక్కలే కదా అవి. ఇంకా ఏం చేయాలో నాకు తోచనివి ఆ మెరిసే పాలిస్టర్ ముక్కలే, చెమట పీల్చవు, తుడవవు, సంచికి జారుతున్నాయి. మీ ఇళ్ళలో వాటితో ఏం చేస్తున్నారో కింద రాయండి, "ఇంకొకరికి పెట్టేశాం" అని మాత్రం రాయకండి.